అంటేదీ, ఇంకేదీ

సందేహం: అడ్‌సార్ప్‌షన్ (ఒక పదార్థం ఇంకోదాని ఉపరితలం మీద చేరి నిలవడం), క్రొమటోగ్రఫీ పద్ధతుల్లో పదార్థాలను వేరుచేయడం మీద పరిశోధన చేస్తున్న కెమికల్ ఇంజనీరును. నా పని గురించి తెలుగులో ఒక వ్యాసం రాయమన్నారు. అడ్‌సార్ప్‌షన్‌కు ఒకచోట ‘అధిశోషణం’ అనీ, ఇంకోచోట ‘ఉపరితల శోషణం’ అనీ కనిపించింది. ఏది సరైనది? క్రొమటోగ్రఫీని ‘వర్ణలేఖనం’ అనవచ్చా? రాసిన రెండు పేజీలూ మా అమ్మకు చదివి వినిపిస్తే, ‘శోష ఎవరికి వచ్చిందే?’ అని అడిగింది.

సమాధానం: అమ్మా, మీరు అడిగినదాని కంటే మీ అమ్మగారు అడిగిందే పెద్ద ప్రశ్న. అక్కడి నుంచే మొదలుపెడతాను.

శోషణానికి మూలం ‘శుష్’ ధాతువు. ఎండటం దాని అర్థం. శుష్కం అన్నా, శుష్కించడం అన్నా అదే. ఎండ నీటిని శోషిస్తుందంటే ఎండగొడుతుందని. ఆ దారిలోనే సంస్కృతంలో ‘పీల్చుకోవడం’ అనే అర్థం కూడా వచ్చింది, కాదనను. కానీ తెలుగువాళ్ల నోట్లో ఆ మాట బతికింది వేరే విధంగా. కంఠశోష, శోష వచ్చి పడిపోవడం, శోషిల్లడం. అన్నిటా వాడిపోవడం, సొమ్మసిల్లడమే. అందుకే టీవీ ప్రకటనల్లో ‘శరీరం పోషకాలను శోషించుకుంటుంది’ అన్నప్పుడల్లా నాకు చెవిలో ముల్లు గుచ్చినట్టుంటుంది. ‘ఒంటికి పడుతుంది’ అని మన ఇళ్లలో రోజూ అనే మాట ఉండగా ఈ శోషించుకోవడం ఎందుకు?

ఇక ‘అధి’ అంటే పైన. పైన జరిగే శోషణం అధిశోషణం. ‘ఉపరితల శోషణం’ అన్నా అదే, కాస్త బరువెక్కువ. కట్టిన తీరులో రెండిటికీ దోషం లేదు. ఇబ్బంది ఎక్కడంటే, అవశోషణం (లోపలికి పీల్చుకునే అబ్‌సార్ప్‌షన్), అధిశోషణం పక్కపక్కనే వచ్చినప్పుడు పిల్లలకు రెండూ ఒకటిగానే వినబడతాయి. ఈ కష్టం మనం తెచ్చిపెట్టుకున్నది. అబ్‌సార్ప్‌షన్, అడ్‌సార్ప్‌షన్ అనే జంటలోనూ తేడా ఒక్క అక్షరమే. 1881లో జర్మన్ శాస్త్రవేత్త కైజర్ ఈ రెండో మాటను వాడుకలోకి తెచ్చాడు. రెండిటికీ మూలం పీల్చడం అనే అర్థమున్న లాటిన్ మాట. వాళ్ల ఇరుకును మనం సంస్కృతంలోకి దించుకున్నాం, అంతే.

నిజానికి మనకు ఈ ఇరుకు లేదు. వాన నేలలో ఇంకుతుంది. పసుపు చేతికి అంటుతుంది. ఇంకేది లోపలికి పోతుంది, అంటేది పైన నిలుస్తుంది. మీ రెండు శాస్త్రపదాల మధ్య తేడా మొత్తం ఈ రెండు క్రియల్లో ఉంది.

‘అంటు’ ఎంత సారవంతమైన ధాతువో చూడండి. నూనె పట్టించి పోస్తే తలంటు. ఒక కొమ్మను ఇంకో చెట్టుకు కడితే మామిడి అంటు. ఎంగిలి అంటిన గిన్నెలు అంట్లు. ఒకరి నుంచి ఒకరికి పాకేది అంటుజాడ్యం. దీపానికి అంటిస్తే వెలుగు, కొంపకు అంటుకుంటే నిప్పు. కన్నడంలో అంటు అంటే అతుక్కోవడమే, జిగురు కూడా. తమిళంలో అండు అంటే దగ్గరకు చేరడం. మన ‘అండ’ కూడా ఈ కుదురుదేనని నా నమ్మకం, పట్టుబట్టను. అంటరానితనం అనే మాట కూడా దీని నుంచి వచ్చిందే. ఆ మచ్చ మనుషులు వేసింది, ధాతువుకు పుట్టుకతో లేదు. ‘ఒళ్లంతా నూనె పూసుకుని ఇసుకలో పొర్లినా అంటేదే అంటుతుంది’ అన్న సామెతను మీ వ్యాసానికి నెత్తిన పెట్టుకోవచ్చు. మీ శాస్త్రం నడిచేది ఈ ఎంపిక మీదే కదా. కొబ్బరి చిప్పలు కాల్చి తయారుచేసిన ఉత్తేజిత బొగ్గు ఒక్క గ్రాము తీసుకుంటే, దాని సందుగొందుల్లో ఉన్న ఉపరితలం 1,000 చదరపు మీటర్ల దాకా ఉండగలదు. దాదాపు పాతిక సెంట్ల నేల! అంత నేల ఉన్నా, అన్నీ ఒకే గట్టిదనంతో అంటవు.

ఇక డిసార్ప్‌షన్‌ను, అంటే అంటినది మళ్లీ విడిపోవడాన్ని, ‘విశోషణం’ అని రాస్తున్నారు. పట్టువిడుపులు అనే జంటపదం పుట్టిన భాషలో రాస్తున్నామని గుర్తుండాలి. 2021లో, కోవిడ్ రోజుల్లో, ఎన్నో ఇళ్లలోకి ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్లు వచ్చాయి. ‘గాలిలోంచి ఆక్సిజన్‌ను పీల్చే మెషీన్’ అని చాలామంది అన్నారు. జరిగేది తలకిందులు. ఒత్తిడి పెంచితే లోపలున్న జియోలైట్ అనే సన్నటి రంధ్రాల ఖనిజం నైట్రోజన్‌ను పట్టుకుంటుంది, ఆక్సిజన్ జారి బయటికొస్తుంది. ఒత్తిడి తగ్గిస్తే నైట్రోజన్‌ను విడిచేస్తుంది. రెండు గొట్టాలు వంతులవారీగా ఈ పని చేస్తాయి, ఒకటి పట్టేటప్పుడు ఇంకొకటి విడుస్తూ. పట్టు, విడుపు అని చెప్పి ఉంటే జనానికి మెషీన్ అర్థమయ్యేది.

క్రొమటోగ్రఫీ సంగతికి ‘అంటీముట్టనట్టు’ కంటే మంచి వివరణ నాకు తోచదు. సుద్దముక్క కింది భాగాన నల్ల స్కెచ్‌పెన్నుతో చుట్టూ గీత గీసి, గీత తడవకుండా గ్లాసులో వేలెడు కంటే తక్కువ నీళ్లలో నిలబెట్టండి. నీరు పైకి పాకుతుంటే నలుపు విడిపోయి నీలం, గులాబీ, పసుపు చాయలు వేర్వేరు ఎత్తుల్లో కనిపిస్తాయి. సుద్దను గట్టిగా అంటుకున్న రంగు వెనకబడుతుంది, అంటీముట్టనట్టు ఉన్నది ముందుకుపోతుంది. రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెత్ సుద్దపొడి నింపిన గొట్టంలో ఆకుల రంగులను ఇలాగే విడదీసి, 1906లో ఈ పద్ధతికి పేరు పెట్టాడు. ఆయన ఇంటిపేరుకే రష్యన్‌లో రంగు అని అర్థం.

అయితే ఇవాళ మీరు వేరుచేసేవాటిలో చాలావాటికి రంగే లేదు. పైగా తెలుగులో వర్ణమంటే రంగు, అక్షరం, కులం, సంగీతంలో ఒక రచన. ‘వర్ణలేఖనం’ అంటే పిల్లలకు అఆలు దిద్దించడం అనుకునే ప్రమాదముంది. క్రొమటోగ్రఫీ అనే ఉంచండి. ‘వేర్పాటు పద్ధతి’ అని మాత్రం రాయకండి, ఆ మాటను రాజకీయాలు ఎప్పుడో తీసుకుపోయాయి.

‘అంటు’తో ఒక చిక్కు ఉంది, దాచను. ‘అను’ క్రియ కూడా ‘అంటుంది’ అనే రూపం ఇస్తుంది. బొగ్గుకు రంగు అంటుతుంది, అమ్మ అంటుంది. రాతలో ఒక్క ‘తు’ కాపాడుతుంది, మాటలో అదీ జారిపోతుంది. అందుకని ‘అంటిపట్టడం’ అంటే మేలేమో. ప్రస్తుతానికి ఒకసారి అధిశోషణం అని రాసి, వెంటనే అంటిపట్టడమని విప్పి, తర్వాత అంతా అంటిపట్టడంతోనే నడపండి. పరీక్షలు రాసే పిల్లలకు మొదటిది కావాలి కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయమని అనలేను.

మీ ల్యాబ్‌లో కాలమ్‌లు, అంటే వేరుచేసే గొట్టాలు, నింపే అసిస్టెంట్లు తెలుగువాళ్లయితే, వాళ్లు పనిలో ‘పట్టింది’ అంటారా, ‘అంటింది’ అంటారా? కనుక్కుని నాకు రాయండి. ఆ ఉత్తరం అందితే ఈ తీర్పును మళ్లీ చూసుకుంటాను.