ఆబిడ్స్ దిగేవాళ్లు ముందుకు రండి!

బిడ్డా,

హైదరాబాదు పాత షాపులు, టాకీసుల చరిత్ర రాస్తానని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. నేను చదువుకున్న పండితుణ్ని కాదు, ఇరవై ఎనిమిదేళ్లు సిటీ బస్సులో టికెట్లు కొట్టినవాణ్ని. అందుకే నేను అరిచిన స్టాపుల పేర్లతోనే మొదలుపెట్టమంటాను.

ఆబిడ్స్ అని రోజుకు యాభైసార్లు అరిచేవాణ్ని. అది ఒక మనిషి పేరని చాలా ఏళ్లు నాకే తెలియదు. ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియన్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండి, అక్కడ షాపు పెట్టాడు. షాపు పోయింది, పేరు స్టాపుకు మిగిలింది. సికింద్రాబాదు ప్యారడైజ్ ఇంకా తమాషా. అది మొదట టాకీసు పేరు. 1953లో అందులో చిన్న క్యాంటీనుగా మొదలైన హోటలు పెరిగి పెద్దదైంది, టాకీసు మాయమైంది. ఇప్పుడు ఆ పేరు వింటే బిర్యానీ తప్ప సినిమా ఎవరికి గుర్తొస్తుంది? పట్నీ సెంటరు సంగతి నేను చెప్పను, నువ్వే తవ్వు.

1935 నాటి మొజంజాహీ మార్కెట్ గురించి అందరూ రాశారు, దాన్ని రెండు మాటల్లో దాటెయ్. అక్కడి కరాచీ బేకరీ దగ్గర మాత్రం కాసేపు ఆగు. దేశవిభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో పెట్టాడు. వదిలొచ్చిన ఊరి పేరు బోర్డు మీద రాసుకున్నాడన్నమాట.

ఓనర్లను ఆఖరున కలువు. వాళ్లు ప్రారంభోత్సవానికి ఎవరొచ్చారో చెబుతారు, అంతే. గేటు దగ్గర టికెట్ చింపినవాణ్ని, ప్రొజెక్టర్ ఆపరేటర్‌ను, చీరలు మడతపెట్టిన సేల్స్‌మన్‌ను అడుగు. నేల టికెట్‌వాళ్లు ఏ పక్క నుంచి లోపలికి పోయేవాళ్లో, ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడినప్పుడు రీళ్ల డబ్బాలు సైకిల్ మీద ఎవరు మోశారో వాళ్లకే తెలుసు.

తేదీల విషయంలో ఎవరి మాటా నమ్మకు, నా మాటతో సహా. ఒకసారి ఒక బట్టల షాపు మా పెళ్లికి ముందు నుంచే ఉందని పందెం కాసి, మీ పెద్దమ్మ దాచిన బిల్లు చూసి నోరుమూసుకున్నాను. కాబట్టి పాత బిల్లులు, పెళ్లి చీరల అట్టపెట్టెలు, స్టూడియో ముద్ర ఉన్న ఫొటోలు అడిగి చూడు. బిల్లు మీద ఏడాది లేకపోయినా భయం లేదు. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు, నయాపైసలుంటే ఆ తర్వాతిది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కానే కాదు. ఫోన్ నంబరులో అంకెలు ఎంత తక్కువుంటే బిల్లు అంత పాతది. అయితే మన వ్యాపారస్తులు అచ్చేసిన బిల్లు పుస్తకం అయిపోయేదాకా వదలరు, రెండు మూడేళ్లు అటూఇటూ చూసుకో.

కథలు కూడా వింటావు. నిజాం వాడేసి పక్కనపెట్టిన వస్తువులే ఆబిడ్ షాపులో మళ్లీ అమ్ముడుపోయేవని చెప్పుకుంటారు. రాయి, కానీ "అంటారు" అని రాయి.

మొదటి పనిగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు పో. పాత సుదర్శన్ 70 ఎంఎం టాకీసు లేదు, పాత ఓడియన్ టాకీసు లేదు. అక్కడ గేట్‌కీపర్‌గా చేసిన నా దోస్తు ఒకతను రాంనగర్‌లో ఉన్నాడు, ఫోన్ చేసి చెప్పాను. మధ్యాహ్నం పడుకుంటాడు, పొద్దున పదిలోపు పో. కుడి చెవి వినపడదు, ఎడమ పక్కన కూర్చో.

నీ పెద్దబాపు