అహాబు సైన్యంలో రథాలు పెట్టొచ్చు, రాతి సాక్ష్యమే ఉంది

బైబిల్ తప్ప ఆధారం లేదు కాబట్టి ఇశ్రాయేలు రాజు అహాబు కాలపు సైన్యానికి రథాలు ఇవ్వకూడదని, మీతో బొమ్మ సైనికుల యుద్ధం ఆట ఆడే ఆయన పట్టుబడుతున్నారన్నారు కదా, ఆయనకు కుర్ఖ్ శాసనం చూపించండి. అష్షూరు రాజు 3వ షల్మనేసెరు వేయించినది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 853లో సిరియాలోని కర్కర్ దగ్గర తనను ఎదిరించిన కూటమిని లెక్కపెడుతూ అహాబుకు 2,000 రథాలు, 10,000 మంది కాల్బలం అని రాయించాడు. శత్రువే రాయించిన లెక్క ఇది! దమస్కు రాజుకే 1,200 రథాలు చెప్పి ఇతనికి 2,000 ఏంటని చాలామంది పండితులు అనుమానిస్తారు, నాకూ అది ఎక్కువే అనిపిస్తుంది, కానీ రథబలం గట్టిగా ఉండేదన్న మాట మాత్రం నిలుస్తుంది. పైగా తర్వాత ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనును పట్టుకున్న అష్షూరు రాజు 2వ సర్గోను అక్కడి రథాలను తన సైన్యంలోనే కలుపుకున్నానని రాయించుకున్నాడు, పనికిరానివైతే ఎందుకు కలుపుకుంటాడు?

ఇక బొమ్మలకు బట్టలు. అందుకు అష్షూరు వాళ్లు చెక్కించిన లాకీషు శిల్పాలు చూడండి. అవి క్రీ.పూ. 701లో పక్క రాజ్యమైన యూదాలోని లాకీషు పట్టణాన్ని అష్షూరు సైన్యం ముట్టడించినప్పటివి, అంటే 150 ఏళ్ల తర్వాతివి, అయినా పనికొస్తాయి. గోడల మీద నుంచి విలుకాళ్లు, వడిసెల వాళ్లు కొడుతుంటారు, ముట్టడి యంత్రాల మీదకు మండే కాగడాలు విసురుతుంటారు. కొందరి తలగుడ్డ కొస చెవి పక్కన వేలాడుతుంటుంది, అది తప్పకుండా వేయండి. వడిసెల రాళ్లు ఆ తవ్వకాల్లోనే దొరికాయి కాబట్టి వడిసెల దళాన్ని మాత్రం తగ్గించకండి.