హెషెన్ ఒక్కణ్ణే దొంగని చేసి వదిలేయకు

అమ్మలూ,

నీ ప్రాజెక్టు పేపరు ప్లాన్ చదివాను. టాపిక్ బాగుంది, కానీ చైనా చింగ్ రాజవంశపు దర్బారులో అవినీతి అని పేరు పెట్టి నాలుగు అధ్యాయాల్లో మూడు చియాన్‌లాంగ్ చక్రవర్తికి ఇష్టుడైన మంత్రి హెషెన్‌కే ఇచ్చేశావు. వాడు తిన్నాడు, అందులో అనుమానం లేదు. కానీ నా సర్వీసంతా ఆడిట్‌లోనే గడిచింది కాబట్టి చెబుతున్నా, ఒక్కడు పట్టుబడ్డాడంటే ముందు వాడి ఫైళ్ళ మీద సంతకాలు ఎవరివో చూడాలి.

జీతాల దగ్గర మొదలుపెట్టు. కింది జిల్లా మేజిస్ట్రేటుకి ఏడాదికి 45 టేళ్ళ వెండి. టేల్ అంటే సుమారు 37 గ్రాములు, అంటే మొత్తం కిలోన్నర పైచిలుకు వెండి. అందులోనే ఇల్లు గడవాలి, ఆఫీసు పనికి సొంతంగా పెట్టుకున్న సలహాదారులకి ఇచ్చుకోవాలి, పై అధికారికి పండగ కానుకలు పంపాలి. ఎలా సరిపోతుంది చెప్పు? అందుకని రైతులు కట్టిన చిల్లర వెండి ముక్కల్ని కరిగించి కడ్డీ పోసేటప్పుడు తరుగు పోతుందనే వంకతో అదనంగా గుంజేవాళ్ళు. పోయే తరుగు కొంచెం, వసూలు చేసేది చాలా. కాంగ్షీ చక్రవర్తికి ఇదంతా తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆయన కొడుకు యోంగ్‌జెంగ్‌కి నువ్వు ఒక్క పేరా ఇచ్చావు, నాకైతే అసలు మనిషి అతనే. 1724లో ఆ తరుగు వసూలుని దాచకుండా బయటికి తెచ్చి, లెక్కలో చూపించి, ప్రావిన్సు ఖజానాకి జమ చేయించి, అందులోంచే అధికారులకి జీతానికి ఎన్నో రెట్ల భత్యం ఇప్పించాడు. దాని పేరు 'నిజాయితీని పోషించే వెండి'. దొంగ వసూలుని లెక్కలోకి తేవడం దొంగని ఉరి తీయడం కంటే కష్టం, ఆడిట్ చేసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. తర్వాత జనాభా పెరిగింది, ధరలు పెరిగాయి, భత్యం అక్కడే ఉండిపోయింది, పాత వసూలు మీద కొత్త వసూళ్ళు మొలిచాయి.

ఇక యోంగ్‌జెంగ్ కొడుకు చియాన్‌లాంగ్ కాలం. ఇక్కడ వాయవ్య చైనాలోని గాన్సూ ప్రావిన్సు కేసు తప్పకుండా పెట్టు. ఏటా కరువని రిపోర్టులు పంపడం, చందాగా వచ్చిన ధాన్యాన్ని కరువు సాయంగా పంచేశామని రాయడం. నిజానికి ధాన్యం బదులు వెండి వసూలు చేసి పంచుకున్నారు. 1781లో అక్కడ తిరుగుబాటు వచ్చి సైన్యం వెళ్తే, వానల వల్ల ఆలస్యమవుతోందని పెద్ద అధికారులు రాశారు. ఏళ్ళ తరబడి చుక్క వాన లేని చోట ఇంత వానేమిటని చక్రవర్తికి అనుమానం వచ్చింది! విచారణలో ఈ దందా నడిపిన అధికారి వాంగ్ దాన్‌వాంగ్‌తో పాటు చాలామంది తలలు తెగాయి. ఇంకా విడ్డూరం, అతని సొత్తు జప్తు చేసిన గవర్నర్-జనరల్ చెన్ హుయ్‌జూ అందులోంచి కూడా కొట్టేశాడు. జాబితాలో రాసిందొకటి, రాజధానికి చేరిందొకటి కావడంతో దొరికిపోయాడు.

మరి పై స్థాయిలో? తప్పు చేసిన అధికారి తనంతట తానే జరిమానా కడతానంటే శిక్ష తప్పే పద్ధతి ఒకటుండేది. హెషెన్ నడిపించాడు, డబ్బులో ఎక్కువ భాగం మాత్రం చక్రవర్తి సొంత గృహ శాఖకి పోయేది. ఇదే నీ పేపరుకి ఆయువుపట్టు. 1790లో యిన్ జువాంగ్‌తూ అనే అధికారి ఈ జరిమానాలు ఆపండి, వీటిని పూడ్చుకోడానికే ఖజానాలు ఖాళీ అవుతున్నాయి అని రాస్తే, చక్రవర్తికి కోపమొచ్చి సరే నువ్వే వెళ్ళి తనిఖీ చెయ్యి అన్నాడు. కానీ ఇంకో అధికారిని తోడిచ్చి, వస్తున్నామని ముందే కబురు పంపించి! ఎక్కడికి వెళ్ళినా ఆ తోడొచ్చినాయన మొదట విందులు ఆరగించేవాడు, ఈలోగా స్థానికులు అప్పు తెచ్చి ఖజానా నింపేవాళ్ళు. చివరికి పాపం యిన్ తనదే తప్పని రాసిచ్చాడు. ముందే చెప్పి వచ్చే ఇన్‌స్పెక్షన్ ఎలా ఉంటుందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

హెషెన్ దగ్గర 80 కోట్ల టేళ్ళు దొరికాయని అందరూ రాస్తారు, నువ్వు రాయకు. ప్రభుత్వ రాబడే ఏడాదికి నాలుగైదు కోట్లున్న రోజులవి, ఆ అంకె పుకారు. వాడి కొడుక్కి చక్రవర్తి ముద్దుల కూతురినిచ్చి పెళ్ళి చేశారని రాయి, వాడి భవనం ఇప్పటికీ బీజింగ్‌లో ప్రిన్స్ గోంగ్ మహల్ పేరుతో చూడొచ్చని రాయి.

చియాన్‌లాంగ్ తర్వాత వచ్చిన కొడుకు జియాచింగ్ విషయంలో అతన్ని హీరోని చేయకు. తండ్రి పోయిన కొద్ది రోజుల్లోనే హెషెన్‌ని పట్టుకుని, 20 నేరాలు మోపి, ఉరేసుకోమని పట్టు తాడు పంపించి, ఆ వెంటనే వాడి వల్ల పైకొచ్చినవాళ్ళ జోలికి పోనని ప్రకటించాడు. అదే ఏడాది హోంగ్ లియాంగ్‌జీ అనే పండితుడు ఇంకా ఏమీ మారలేదంటూ ఒక రాజకుమారుడి ద్వారా ఘాటు ఉత్తరం అందేలా చేస్తే, మరణశిక్ష వేసి, దాన్ని తగ్గించి పడమటి సరిహద్దులోని ఇలీకి ప్రవాసం పంపారు. మరుసటి ఏడాది రాజధానిలో కరువొస్తే క్షమించి వెనక్కి పిలిపించారు. ఈ భాగం ముందు రాసి నాకు పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

అన్నట్టు తేదీలు జాగ్రత్త. చియాన్‌లాంగ్ పోయింది, హెషెన్ చచ్చింది చైనా లెక్కలో మొదటి నెల 3, 18. మన క్యాలెండర్‌లో 1799 ఫిబ్రవరి 7, 22. రెండూ కలగాపులగం చేస్తే ఎగ్జామినర్ దానికే మార్కులు కోస్తాడు.

ఆశీస్సులతో,
పెదనాన్న