అమ్మాయి మీ పంచాయతీ ఆఫీసు నుంచే మొదలుపెట్టాలి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. నేను గ్రామ పంచాయతీ కార్యదర్శిని. మా అమ్మాయి బీఏ పొలిటికల్ సైన్స్ ఫైనలియర్ చదువుతోంది. పంచాయతీలు, మున్సిపాలిటీల విషయంలో దేశాలు ఒకదానికొకటి సాయం చేసుకుంటాయట, ఆ రంగంలో పని చేస్తానంటోంది. అందుకు లండన్‌లో పీజీ చేయాలట. ఓ కన్సల్టెన్సీవాళ్లు పాతిక లక్షల లోన్ ఇప్పిస్తామంటున్నారు. గ్రూప్-2కి చదవమంటే వినడం లేదు. అసలు అలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉన్నాయండీ. తక్కువే గానీ ఉన్నాయి. లోన్ మాత్రం ఇప్పుడు వద్దు.

ముందు ఆ రంగం ఏమిటో చెబుతాను. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989లో బడ్జెట్‌లో కొంత భాగం దేనికి ఖర్చు పెట్టాలో జనమే కూర్చుని తేల్చుకునే పద్ధతి మొదలైంది. అది దేశాలు దాటి 2006లో మన పుణే దాకా వచ్చింది. ఒక ఊరి పద్ధతి ఇంకో దేశానికి చేరాలంటే దాన్ని నేర్చుకునేవాళ్లు, అక్కడి చట్టానికి తగ్గట్టు మార్చేవాళ్లు, నేర్పేవాళ్లు కావాలి. లండన్‌లోని కామన్వెల్త్ లోకల్ గవర్నమెంట్ ఫోరం, బార్సిలోనాలో ఉన్న నగరాల, స్థానిక ప్రభుత్వాల ప్రపంచ సంఘం యూసీఎల్‌జీ, నైరోబీలో ఉన్న ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్ హాబిటాట్ చేసే పనిలో ఇదో పెద్ద భాగం. పర్యావరణం వైపు నగరాలతో పనిచేసే ఇక్లీకి ఢిల్లీలోనే ఆఫీసు ఉంది.

అన్నిటికన్నా మనకు దగ్గర హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ. విదేశీ అధికారులకు మన కేంద్ర ప్రభుత్వం శిక్షణ ఇప్పించే ఐటెక్ పథకం 1964లో మొదలైంది. దాని కింద ఆసియా, ఆఫ్రికా దేశాల అధికారులు అక్కడికి శిక్షణకు వస్తారు.

కొన్నేళ్ల క్రితం విదేశీ అధికారుల బృందం ఒకటి గ్రామ పంచాయతీ చూడ్డానికి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. ఆఫ్రికా నుంచి వచ్చిన ఓ అధికారిణి బల్ల మీదున్న ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్ తెరిచి, ఒక్కో గడి మీద వేలు పెట్టి అడిగారు. ఈ పన్ను ఎంతో ఎవరు తేలుస్తారు? కట్టకపోతే ఏం చేస్తారు? వసూలైన డబ్బు ఇక్కడే ఉంటుందా, పైకి పోతుందా? మాతో వచ్చిన పీజీ పిల్లలిద్దరు పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గురించి గడగడా చెప్పారు. పాత బకాయి గడి ఏదో చూపించలేకపోయారు. అన్నిటికీ జవాబు చెప్పింది ఆ ఊరి కార్యదర్శే. ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ రంగానికి కావలసింది అదీ, అంటే ఆయన జ్ఞానం, దాన్ని పరాయి దేశం మనిషికి అర్థమయ్యేలా చెప్పగల నోరు. మొదటిది మీ ఇంట్లోనే ఉంది.

అందుకే పీజీ ఇక్కడే చేయించండి. గ్రామీణాభివృద్ధి గానీ, పబ్లిక్ పాలసీ గానీ తీసుకోవచ్చు. తర్వాత రెండేళ్లు ఏదైనా సంస్థలో ఊళ్లలో తిరిగే పని చేయాలి. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి కనీసం 2,800 గంటల ఉద్యోగానుభవం అడుగుతారు, అంటే సుమారు రెండేళ్లు. ఫీజు, ఉండటానికి అయ్యే ఖర్చు వాళ్లే భరిస్తారు. చదువయ్యాక రెండేళ్ల పాటు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంది, అది ముందే చెప్పండి. జర్మనీ డాడ్ సంస్థ ఇచ్చే ఈపాస్ స్కాలర్‌షిప్‌కీ రెండేళ్ల అనుభవం తప్పనిసరి. లండనే వెళ్లాలని ఉంటే ఇలా వెళ్లనివ్వండి, పాతిక లక్షలు అప్పు చేసి కాదు.

ఇబ్బందులూ చెప్పాలి. మన రాజ్యాంగంలో స్థానిక ప్రభుత్వం రాష్ట్రాల జాబితాలో, విదేశీ వ్యవహారాలు కేంద్రం జాబితాలో ఉన్నాయి. ఏ మున్సిపాలిటీ కూడా తనంతట తాను విదేశీ నగరంతో ఒప్పందం రాసుకోలేదు, ఢిల్లీ అనుమతి కావాలి. కాబట్టి ఈ ఉద్యోగాలు ఎక్కువగా శిక్షణ సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ఐక్యరాజ్యసమితి ప్రాజెక్టుల్లో ఉంటాయి. చాలావరకు కాంట్రాక్టు పనులే. 2025లో అమెరికా, విదేశాలకు సాయం అందించే తన సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేస్తే ఎన్నో దేశాల్లో ప్రాజెక్టులు మధ్యలోనే ఆగిపోయాయి. దాని మీదే ఆధారపడినవాళ్లు రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు.

ఆ భయం ఉంది కనుకే గ్రూప్-2 గురించి మీరన్న మాటను నేను కొట్టిపారేయను. అందులో మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3 పోస్టు ఉంది. ఆ సీట్లో నాలుగేళ్లు కూర్చున్నామె స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తే, ఇంటర్వ్యూలో చెప్పడానికి చేతిలో బోలెడు అనుభవం ఉంటుంది. మీరిద్దరూ గొడవ పడుతున్న రెండు దారులు అంత దూరంగా ఏమీ లేవు. తనకు ఈ మాట మెల్లగా చెప్పి చూడండి, పంతానికి మాత్రం పోకండి.

ఒక్క పని ఈ నెలలోనే చేయండి. వచ్చే గ్రామసభకు అమ్మాయిని వెంట తీసుకెళ్లి వెనక కూర్చోబెట్టండి. మీ పంచాయతీకి డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తోందో, దేనికి పోతోందో ఇంగ్లీషులో రెండు పేజీలు రాయమనండి. మన దేశం ఎప్పుడూ చూడని మనిషికి కూడా అర్థం కావాలి. రాశాక నాకు పంపించండి, చదివి తనతోనే మాట్లాడతాను.