కొండ మీది ఊరికి ముందు లిఫ్టు కావాలి, రంగులు తర్వాత

"సిమ్లా లాంటి కొండ నగరాల పాత నడిబొడ్డును కూల్చకుండా, రూపు చెడకుండా బాగుచేయడం సాధ్యమేనా?" అని అడిగారు. సాధ్యమే. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో కళ్లారా చూశాను. ఉద్యోగరీత్యా అక్కడ కోట కొండ వాలులో కొన్నేళ్లు అద్దెకు ఉన్నాను.

గోడల రంగులు, వీధి దీపాల నమూనాలు పక్కన పెట్టండి. కొండ ఊరికి ఉన్న జబ్బు ఒక్కటే, ఎక్కడం. ఎక్కలేనివాళ్లు మొదట గడప దాటడం మానేస్తారు, ఆ తర్వాత ఊరే వదిలేస్తారు. ఇళ్లు పాడుబడేది అప్పుడే.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె వచ్చిన కొత్తలో కింది బజారైన బైషా నుంచి మెట్ల దారిన ఇంటికి తీసుకెళ్తుంటే సగంలోనే కూలబడి, "మోకాళ్ల పర్వతమే నయం రా, ఎక్కితే పైన స్వామి అయినా ఉంటాడు" అంది. మర్నాడు రువా దుష్ ఫాంకైరుష్ వీధిలో ఒక పాత భవనంలోకి తీసుకెళ్లాను. పక్క ఇళ్లకూ దానికీ పెద్ద తేడా కనిపించదు. లోపల లిఫ్టు ఉంది. అందులో పైకి వెళ్లి అవతలి వైపు బయటికొస్తే ఎగువ వీధిలో ఉంటాం. అక్కడికి దగ్గర్లోనే పార్కింగుగా మార్చిన పాత మార్కెట్టు, కింద సరుకుల దుకాణం, ఇంకో లిఫ్టు. అందులో పైకి వెళ్లి దిగితే కోట కిందికి చేరినట్టే. 2013లో తెరిచిన ఈ దారికి టిక్కెట్టు లేదు. అమ్మ నమ్మలేదు, "ఎందుకైనా మంచిది, చిల్లర చేతిలో ఉంచుకో" అంది. రెండో లిఫ్టులో సంచితో ఒక పెద్దావిడ ఎక్కింది. మోకాలు పట్టుకున్న అమ్మను చూసి తన మోకాలు చూపించి పోర్చుగీసులో మొదలుపెట్టింది, అమ్మ తెలుగులో అందుకుంది. లిఫ్టు దిగాక కూడా ఆ సంభాషణ ఆగలేదు. నేను పాల డబ్బాలు మోస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత కొత్తిమీరకు అమ్మ ఒక్కతే వెళ్లొచ్చేది. అవును, కొత్తిమీర అక్కడివాళ్లకూ ప్రాణం.

ఎదుటి కొండ మీది షియాదు అనే పేట కథ ఇంకా పెద్దది. 1988 ఆగస్టు 25న గ్రాందెలా అనే పెద్ద దుకాణంలో పుట్టిన మంట 18 భవనాలను మింగింది. రువా దు కార్ము వీధికి సోకు చేయాలని కట్టిన సిమెంటు పూలతొట్లు, బెంచీలు ఫైరింజన్లకు అడ్డుపడ్డాయి. అందుకే సుందరీకరణ అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. పునర్నిర్మాణం అల్వారు సీజా అనే పోర్చుగీసు ఆర్కిటెక్టుకు అప్పగించారు. ఆయన గాజు మేడలు లేపలేదు. వీధివైపు పాత గోడల తీరును కాపాడి, అసలు పని వెనక చేశాడు. మూసుకుపోయిన పెరళ్లను తెరిచి, మెట్లు వేసి, కింది వీధిని పై వీధితో కలిపాడు. కార్ము మఠం పక్కకు చేరే భాగం 2015 దాకా పూర్తికాలేదు, అది వేరే బాధ. 1998లో తెరిచిన మెట్రో స్టేషను కూడా ఆయనదే. ఒక ద్వారం కింద బైషాలో, ఇంకొకటి పైన షియాదులో. రైలెక్కే పని లేకపోయినా ఎస్కలేటర్ల కోసమే అందులో దూరేవాణ్ణి.

మెచ్చుకోలేనివీ ఉన్నాయి. అక్కడి తెల్ల సున్నపురాళ్ల కాలిబాట ఫొటోలకు బాగుంటుంది, వాన పడితే నడుము విరుగుతుంది. దాని మీద అర్ధరాత్రి పర్యాటకులు చక్రాల పెట్టెలు లాక్కెళ్తుంటే నిద్ర పట్టదు.

సిమ్లాలో కార్ట్ రోడ్డు నుంచి మాల్‌కు లిఫ్టు ఉంది కదా, టిక్కెట్టు కొని ఎక్కాలి. ముందు దాన్ని ఉచితం చేయమనండి. దాంతోపాటే అద్దెలకు కళ్లెం వేయమనండి. ఎక్కడం సులువైతే ఇళ్లకు గిరాకీ పెరుగుతుంది, పర్యాటకులకు రోజువారీ అద్దెకిస్తే ఎక్కువ వస్తుందని యజమానులు లెక్కలు వేస్తారు. మా ఒప్పందం ముగియగానే ఇంటాయన చెప్పిన కొత్త అద్దె విని నది అవతల అల్మాడాకు మారిపోయాను. అక్కడి నుంచి ఆ ఉచిత లిఫ్టు దగ్గరికి రావాలంటే టిక్కెట్టు కొని పడవెక్కాలి.