బంతి వదలలేను... బడిలో చేరనా?

ప్రశ్న: మాస్టారూ, మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. డిగ్రీ మూడేళ్లూ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో బ్యాక్ ఆడాను. బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ) చేసి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాలని ఉంది. నాన్నగారేమో ‘ఇక్కడ కబడ్డీ, వాలీబాల్ తప్ప ఫుట్‌బాల్ ఎవరిక్కావాలి, రొయ్యల చెరువు చూసుకో’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: బాబూ, నేనూ కాలేజీలో రైట్ వింగ్ ఆడి, ఆ తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసినవాణ్ణే. వెళ్లు. అయితే ఫుట్‌బాల్ ఒక్కటే నేర్పుదామని వెళ్లకు. పొద్దున్నే అసెంబ్లీ, ఖోఖో, లాంగ్‌జంప్ గొయ్యి తవ్వించడం, అండర్-14, అండర్-17 జట్లకు వయసు పత్రాలు సర్దడం, అన్నీ నీ నెత్తినే. కబడ్డీ నేను చేరాక పిల్లల దగ్గరే నేర్చుకున్నాను.

మన డెల్టాలో ఫుట్‌బాల్‌కి మొదటి అడ్డు నేలే. నల్లమట్టి కదా, గట్టి వాన పడితే రోజుల తరబడి గ్రౌండు ఆరదు. దాళ్వా (రెండో పంట వరి) కోతలై, కాలువలు కట్టేశాక, చేలో వెదురు గడలు పాతి ఆడించేవాణ్ణి. మోళ్లు పాదాలకు గుచ్చుకుంటాయి, ముందురోజే పీకించాలి. ఆరో తరగతి వాళ్లకు 5వ సైజు బంతి ఇవ్వకు, అది 410 నుంచి 450 గ్రాములుంటుంది. 4వ సైజు కొను.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె బంతిని ఎప్పుడూ కాలి బొటనవేలితోనే పొడిచేది. గోరు చితికినా మానలేదు. పాదం లోపలి పక్కతో తన్నమని ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి సుద్దముక్క తడిపి పాదం లోపలి పక్కన రాసి, బంతిని గోడకేసి కొట్టమన్నాను. బంతి మీద తెల్ల మచ్చ ఎక్కడ పడిందో తనే వంగి చూసుకునేది. మూడోనాటికి మచ్చ సరిగ్గా నడిమికొచ్చింది. బంతి పట్టుకుని పరుగెత్తుకొచ్చి నాకు చూపించింది. కాలేజీలో నేను కొట్టిన గోల్స్ చాలావరకు మర్చిపోయాను, ఆ మచ్చ మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

నాన్నగారికి రహీం గారి సంగతి చెప్పు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులుగా చేసినవారే. ఆయన కోచ్‌గా ఉండగానే మన దేశపు ఫుట్‌బాల్ జట్టువాళ్లు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు.

బీపీఈడీలో చేరడానికి రాసే పీఈసెట్‌లో నీ ఆట ఒక్కటే చూడరు, పరుగు, షాట్‌పుట్ కూడా ఉంటాయి. గుండు విసరడం ఇప్పట్నించే మొదలుపెట్టు. టీచరు ఉద్యోగాలకు పెట్టే డీఎస్సీ ఏటా పడదు, ఆ విషయంలో నాన్నగారి భయం నిజమే. అందాకా చెరువు పనిలో ఆయనకు సాయంగా ఉండు. సాయంత్రం నాలుగింటికి మాత్రం బంతి తీసుకుని మీ ఊరి బడి గ్రౌండుకి వెళ్లు.