విమానాల సైబర్ సెక్యూరిటీ చదువుతానంటోంది మా అమ్మాయి... పొలం అమ్మి సీటు కొనాలా?

ప్రశ్న: సార్, మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా అమ్మాయికి ఎంసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. కన్వీనర్ కోటాలో మంచి కాలేజీలోనే ఈసీఈ వచ్చేలా ఉంది. కానీ ఢిల్లీ ఎయిర్‌పోర్టులో జీపీఎస్ స్పూఫింగ్ వార్తలు చూసినప్పటి నుంచి విమానాల సైబర్ సెక్యూరిటీయే చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక కాలేజీవాళ్లు సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీతో పాటు ‘ఏవియేషన్ సైబర్’ సర్టిఫికెట్ కూడా ఇస్తామన్నారు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారు. మేనేజ్‌మెంట్ కోటా. అరెకరం అమ్మితే గానీ కుదరదు. ఏరోనాటికల్ అయితే ఎలా ఉంటుంది? మూడింట్లో దేనికి స్కోప్ ఉంది? ఆడపిల్ల, రాత్రి డ్యూటీలుంటాయేమోనని భయం. రేపు విమానానికేమైనా అయితే తన మీదికి వస్తుందా?

జవాబు: ముందు పొలం జోలికి వెళ్లకండి. మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

కౌన్సెలింగ్ రోజులొచ్చాయంటే నాకు ఇలాంటి ఉత్తరాలు వరసపెట్టి వస్తాయి. బ్రాంచి పేరే మారుతుంటుంది. ఒకసారి డేటా సైన్స్, ఒకసారి డ్రోన్లు, ఇప్పుడిది. పైకి అడిగేది స్కోప్ గురించే. లోపలి గుబులు మాత్రం ఒక్కటే: ఇప్పుడు తప్పు బ్రాంచి మీద టిక్కు పెడితే పిల్ల భవిష్యత్తు పాడైపోతుందేమోనని. పాడైపోదండీ. పైగా మీరడిగిన రంగానికి బీటెక్ స్థాయిలో ప్రత్యేకమైన తలుపంటూ లేదు. అందులో పనిచేసేవాళ్లు ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ (యంత్రాల లోపలి చిప్‌లలో నడిచే కోడ్) నుంచి, ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్స్) టెస్టింగ్ నుంచి, నెట్‌వర్కుల నుంచి నడుచుకుంటూ అక్కడికి చేరినవాళ్లే.

అమ్మాయి చూసిన వార్త సంగతి కాస్త వివరంగా చెప్తాను, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. 2025 నవంబరులో ఢిల్లీలో దిగబోతున్న కొన్ని విమానాలకు జీపీఎస్ తప్పుడు స్థానం చూపించింది. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు (శ్రీకాకుళం ఎంపీయే) పార్లమెంటుకిచ్చిన సమాధానంలో ఒక వివరం ఉంది, టీవీల్లో దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇబ్బంది పడ్డవి జీపీఎస్ ఆధారంగా రన్‌వే 10 మీదికి వస్తున్న విమానాలు. నేల మీద పాతకాలపు రేడియో సాధనాలు పనిచేస్తున్న మిగతా రన్‌వేలకు ఏమీ కాలేదు. ఇది ఢిల్లీతో మొదలైందీ కాదు. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా సరిహద్దు ప్రాంతాల్లో, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ వైపు, ఇలాంటి జీపీఎస్ తేడాలు 465 నమోదయ్యాయని ప్రభుత్వమే చెప్పింది.

జామింగ్, స్పూఫింగ్ ఒకటి కావు. పెళ్లి బరాత్‌లో డీజే పక్కన నిలబడి ఫోన్ ఎత్తితే అవతలివాళ్ల మాట వినపడదు, వినపడట్లేదని మీకూ తెలుస్తుంది; అది జామింగ్. అవతలి గొంతునే అచ్చం అనుకరించి ఇంకెవడో మాట్లాడితే స్పూఫింగ్. జీపీఎస్ ఉపగ్రహాలుండేది 20,200 కిలోమీటర్ల ఎత్తున. కిందికి చేరేసరికి ఆ సిగ్నల్ నీరసపడిపోతుంది, నేల మీంచి కాస్త బలంగా పంపిన నకిలీ సిగ్నల్ దాన్ని మింగేస్తుంది. పౌర విమానాలు వాడే సిగ్నల్‌లో ఇది అసలుదని తేల్చుకునే ముద్రేమీ లేదు.

అలాంటప్పుడు కాక్‌పిట్‌లో తెర మీద విమానం ఉన్నట్టుండి పక్కకు జరిగిపోతుంది. గడియారం తప్పు సమయం చూపిస్తుంది. 35,000 అడుగుల ఎత్తున సాఫీగా పోతుంటే నేలకు గుద్దుకోబోతున్నట్టు ‘పుల్ అప్, పుల్ అప్’ అని హెచ్చరిక మోగుతుంది. నాలుగుసార్లు ఉత్తుత్తిదే అని తేలాక, ఐదోసారి నిజంగానే కొండ ఎదురైతే పైలట్ దాన్ని నమ్ముతాడా? ఈ రంగంలోవాళ్లకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే.

ఇందులో ఎక్కడైనా పాస్‌వర్డ్ ఉందా? వైరస్ ఉందా? మొత్తం రేడియో వ్యవహారం. విమానం తన స్థానాన్ని అందరికీ చెప్పుకునే ఏడీఎస్-బీ అన్న పద్ధతీ ఇంతే, తాళం లేని ప్రసారం. ఫోన్లో మీరు విమానాల రాకపోకలు చూడగలుగుతున్నది అందుకే. ఈ జబ్బులు అర్థం కావాలంటే సిగ్నల్స్, యాంటెన్నాలు, డిజిటల్ కమ్యూనికేషన్ రావాలి. అవన్నీ చెప్పేది మీరు వదిలేద్దామనుకుంటున్న ఈసీఈలోనే.

రెండో రకం ముప్పు నేల మీదిది. 2025 సెప్టెంబరులో కాలిన్స్ ఏరోస్పేస్ వాళ్ల చెకిన్ సాఫ్ట్‌వేర్ మీద రాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడగడం) జరిగితే హీత్రో, బ్రస్సెల్స్, బెర్లిన్ ఎయిర్‌పోర్టుల్లో క్యూలు బయటిదాకా వచ్చాయి. 2021లో బయటపడ్డ ఎయిరిండియా డేటా లీకులో 45 లక్షల మంది వివరాలు పోయాయి. పోయింది వాళ్లకు సర్వీసు ఇచ్చే సీటా అన్న కంపెనీ దగ్గర. ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్‌కు 2025లో కాల్ సెంటర్ వాడుకునే బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్ దగ్గర దెబ్బ తగిలింది. ఇవన్నీ ఏ బ్యాంకులోనైనా జరిగే మామూలు సైబర్ సెక్యూరిటీ కథలే, దానికి ‘ఏవియేషన్’ అని విడిగా సర్టిఫికెట్ అక్కర్లేదు. 2024 జూలైలో శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారే, అదైతే దాడే కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అన్న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ల ఒక తప్పుడు అప్‌డేట్.

ఇక సినిమాల్లో చూపించినట్టు ల్యాప్‌టాప్‌తో విమానాన్ని తిప్పేయడం గురించి. ఎగురుతున్న ప్రయాణికుల విమానం కంట్రోళ్లను బయటినుంచి ఎవరో లాక్కున్నారని ఇప్పటిదాకా నిర్ధారణైన ఘటన ఒక్కటీ బయటికి రాలేదు. సీటు ముందున్న తెర, వైఫై ఒకవైపు, విమానాన్ని నడిపే కంప్యూటర్లు మరోవైపు ఉండేలా కట్టుదిట్టం చేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు విమానంలోకి ఎక్కాలంటే ఎంతోమంది సంతకాలు కావాలి. కాబట్టి మీ అమ్మాయి ఒక్కదాని మీదికి వచ్చి పడుతుందన్న దిగులు పెట్టుకోకండి.

ఈ ఫ్యాషన్ గురించి నాకున్న అనుమానాలు కూడా దాచుకోను. డీవో-326ఏ అని విమానాల సైబర్ భద్రతకు ఒక ప్రమాణం ఉంది. ఆ పని చేసేవాళ్ల రోజులో ఎక్కువ భాగం పత్రాలు రాయడంతోనే పోతుంది: ఏ దారిన ముప్పు రావచ్చు, వస్తే ఏమవుతుంది, అడ్డుకునేదేంటి అని పేజీలకు పేజీలు. హుడీ వేసుకుని చీకటి గదిలో కూర్చునే పని కాదది. హనీవెల్, కాలిన్స్, సైయెంట్ లాంటివి హైదరాబాద్‌లోనే ఉన్నాయి, నిజమే. కానీ ఫ్రెషర్లను వాళ్లు ఎక్కువగా తీసుకునేది ఎంబెడెడ్ కోడింగ్‌కు, టెస్టింగ్‌కు. సెక్యూరిటీ టీమ్ దాకా వెళ్లడానికి కొన్నేళ్లు పడుతుంది. అమెరికా ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల కొన్ని పనులు ఇక్కడి ఇంజినీర్ల చేతికి రానే రావు. ఈ మాట ఏ బ్రోచర్లోనూ ఉండదు.

ఆ కాలేజీకి మళ్లీ వెళ్తే, ఏవియేషన్ సైబర్ చెప్పే సారు ఏ విమాన ప్రాజెక్టులో పనిచేశారో అడగండి. ల్యాబ్ తలుపు తీయించి చూడండి. గ్యారంటీ అన్న మాటను లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. టీ ఇచ్చి మాట మార్చారంటే మీకు అర్థమైపోతుంది.

పోలిక అడిగారు కదా. సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీ మంచి బ్రాంచే, కన్వీనర్ కోటాలో మంచి కాలేజీలో వస్తే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. కానీ మొదటి రెండేళ్లు మామూలు సీఎస్ఈకి దానికి పెద్ద తేడా ఉండదు, ఆ పేరు కోసం అరెకరం అమ్మడం దండగ. ఏరోనాటికల్‌లో విమానం ఎలా ఎగురుతుందో చెప్తారు, చదివినవాళ్లలో చాలామంది చివరికి మామూలు సాఫ్ట్‌వేర్లోనే తేలుతున్నారు. అమ్మాయి కోరికకు దగ్గరి దారి ఈసీఈ. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో రాడార్లు, ల్యాండింగ్ సాధనాలు చూసుకునే జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఎలక్ట్రానిక్స్ పోస్టులకు గేట్ స్కోరుతో తీసుకుంటున్నారు. ఢిల్లీలో విమానాలను ఆదుకున్నవి అలాంటి ఇంజినీర్లు కాపాడుకొస్తున్న సాధనాలే.

ఇప్పుడు మీకు నచ్చని మాట. మీ ఉత్తరంలో అరెకరం ఉంది, గ్యారంటీ ఉంది, రాత్రి డ్యూటీ ఉంది. అమ్మాయికి ఫిజిక్స్ అంటే ఇష్టమో కాదో ఒక్క ముక్క లేదు. వార్త చూసి అంత పట్టుగా అడుగుతోందంటే ఏం అర్థమై అడుగుతోందో కూర్చోబెట్టి కనుక్కున్నారా? రాత్రి డ్యూటీ అంటారా, ఉంటుంది. దాడులను కనిపెట్టే సెంటర్లూ, ఎయిర్‌పోర్టులూ 24 గంటలూ నడుస్తాయి. మన దేశం పైలట్లలో దాదాపు 15 శాతం మంది ఆడవాళ్లు, ప్రపంచ సగటు 5 శాతం దగ్గరుంది. వాళ్లు తెల్లవారుజామున మూడింటికి విమానం దింపుతుంటే, మీ అమ్మాయి క్యాబ్‌లో ఆఫీసుకు వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోవడానికి మీకెందుకండీ భయం? కొడుకైతే ఈ ప్రశ్న రాసేవారా?

ఈ వేసవిలో ఖర్చు లేని పని ఒకటి చెప్పండి తనకు. జీపీఎస్‌జామ్ అన్న వెబ్‌సైట్‌లో ఏ రోజు ఎక్కడ జీపీఎస్ తేడా చేసిందో పటం మీద ఎరుపు రంగులో కనిపిస్తుంది. ఓ పది రోజులు చూసి, ఎరుపు ఎక్కడెక్కడ ఉంది, ఎందుకుంది అని ఒక నోటుబుక్కులో రాయమనండి. మూడో రోజుకే విసుగొస్తే అదొక జవాబు. సరిహద్దులూ యుద్ధాలూ వెతుక్కుంటూ అర్ధరాత్రి దాకా కూర్చుంటే అది ఇంకో జవాబు. కాలేజీలో చేరాక పైథాన్, లినక్స్, నెట్‌వర్కులు సొంతంగా నేర్చుకోవాలి, ఈసీఈవాళ్లు ఎక్కువగా బద్ధకించేది అక్కడే. బీటెక్ తర్వాత కావాలంటే సైబర్ సెక్యూరిటీలో ఎంటెక్ ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ ఇచ్చే పీజీ డిప్లొమా ఉంది. యూట్యూబ్ చూసి జామర్లు, ట్రాన్స్‌మిటర్లు మాత్రం కొననివ్వకండి, లైసెన్సు లేకుండా వాడితే కేసవుతుంది.

వెబ్ ఆప్షన్లలో ఈసీఈ మంచి కాలేజీలను పైన పెట్టండి, ఆ కింద సీఎస్ఈ సైబర్. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు అనుమానమేదైనా ఉంటే మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.